మా రేడియో స్టేషన్‌కి ఏమైంది? (పాఠకుల ప్రశ్నలు)

ప్రశ్న: మా జిల్లా ఆకాశవాణి ఎఫ్ఎంలో ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, బడిపిల్లలు, బతుకమ్మ పాటలు పాడే మా పెద్దమ్మలు వినిపించేవాళ్ళు. ఇప్పుడు ఎప్పుడు పెట్టినా సినిమా పాటలు, లేదంటే వేరే స్టేషన్ నుంచి రిలే. ఆ కార్యక్రమాలు నడిపిన ఆఫీసరు గారు ఈమధ్యే పోయారట. ఆయన రిటైరవడం వల్లే ఇలా అయిందా? మళ్ళీ అలాంటి రేడియో వచ్చే దారుందా?

జవాబు: ఆయన దగ్గర నేను క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేశాను. కాబట్టి నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ఆయన హోదా ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్, మాకు మాత్రం పెక్స్ గారు. ఎవరు ఏ రోజు ఏం మాట్లాడతారో మూడు నెలలకి ముందే షెడ్యూలు వేసుకోవడం ఆకాశవాణి పద్ధతి. ఆయన షెడ్యూల్లో శనివారం గడి ఖాళీగా ఉండేది. ఏంటిదని అడిగితే "సంతలో ఎవరు దొరికితే వాళ్ళు" అనేవారు. దీని మీద మెమోలు కూడా వచ్చాయి లెండి.

అప్పట్లో స్పూలు టేపు. సెకనుకి ఏడున్నర అంగుళాలు తిరిగేది. ఓ పత్తి రైతుని అప్పు సంగతి అడిగితే కాసేపు నోరు మెదపలేదు. టేపు మీద అది రెండు మూరల పొడవు, అంటే ఓ ఐదు సెకన్లు. కోసేద్దామని బ్లేడు తీశాను. పెక్స్ గారు టేపు మీద వేలు పెట్టి, "ఉండనీ అమ్మా, ఆయన ఆలోచించుకుంటున్నాడు" అన్నారు. అలాగే ప్రసారమైంది.

ఇక మీ అనుమానం. ఆయన రిటైరైతే ఏం, ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చుంటే సరిపోయేది. రాలేదు. ఊరికెళ్ళి రికార్డు చేయాలంటే జీపు కావాలి, డ్రైవరు కావాలి, టూరుకి సాంక్షన్ కావాలి. కంప్యూటర్లో పాటలు వరసగా పెట్టుకుంటే ఒక్క మనిషితో గంట గడిచిపోతుంది. ఆకాశవాణిలో పనిచేసిన వాగ్గేయకారులు బాలాంత్రపు రజనీకాంతరావు గారు తీర్చిదిద్దిన పొద్దుటి భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని ఆయన తరవాత కూడా సాగిందంటే, పాటలు లైబ్రరీలో ఉన్నాయి కాబట్టి. శనివారం సంతని ఏ లైబ్రరీలోంచి తీస్తారు?

నాకు ఒళ్ళు మండేది ఇంకో విషయానికి. 2001లో మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం మొదలైంది. వాళ్ళకి సొంత వార్తలు చెప్పుకునే అనుమతి లేదు, ప్రకటనల మీదే బతకాలి. పాటలూ కబుర్లే వాళ్ళకి దిక్కు. మనకేం కర్మ? లైసెన్సు ఫీజు బెంగ లేని సర్కారు స్టేషన్ కూడా వాళ్ళ గొంతునే అనుకరించడం మొదలుపెట్టింది.

దారి ఉంది, కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్ళే నడుపుకునే చిన్న స్టేషన్. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ సంఘం రేడియో 2008 నుంచి 90.4 ఎఫ్ఎం మీద నడిచింది. మైకు ముందూ, శబ్దాలు సరిచేసే మిక్సర్ దగ్గరా పల్లె ఆడవాళ్ళే. కనీసం మూడేళ్ళ కింద రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ఏదైనా కేంద్ర సమాచార, ప్రసార శాఖకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. సొంత వార్తలు వీళ్ళూ చదవకూడదు. ట్రాన్స్‌మిటర్ చిన్నది, చుట్టుపక్కల పల్లెల వరకే వినిపిస్తుంది. గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. దాంతో కరెంటు బిల్లు కట్టొచ్చేమో గానీ జీతాలు మాత్రం రావు, ముందే చెప్తున్నాను.