స్కోరు 771 ఉన్నా మంచి కార్డు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నా వయసు 25. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది, జీతం చేతికి 58,000 వస్తుంది. జీతం పడే బ్యాంకే 14 నెలల కిందట 40,000 లిమిట్‌తో ఒక కార్డు ఇచ్చింది. ఒక్క బిల్లూ ఆలస్యం చేయలేదు, ప్రతిసారీ మొత్తం కట్టేశాను. సిబిల్ స్కోరు 771. గత నెలలో ట్రావెల్ కార్డుల కోసం వేరే బ్యాంకులు మూడింట్లో అప్లై చేశాను. ఒకరు ‘క్రెడిట్ హిస్టరీ సరిపోదు’ అన్నారు, ఇంకొకరు కారణమే చెప్పలేదు, మూడోది పెండింగ్‌లో ఉంది. ఈఎంఐలో ఫోన్ కొంటే హిస్టరీ పెరుగుతుందని స్నేహితురాలు అంటోంది. ఏటా 499 ఫీజు పడుతున్న పాత కార్డును మూసేద్దామనుకుంటున్నాను. సిబిల్ రిపోర్టు జత చేశాను. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందుగా పాత కార్డు సంగతి. దాన్ని మూసేయకండి. మీకున్న చరిత్ర అంతా ఆ ఒక్క కార్డే. 499 గురించి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫీజు మాఫీ అడగండి, లేదా ఫీజు లేని రకానికి మార్చమనండి. చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోయినా ఇప్పటికి ఆ 499 కట్టడమే మేలు.

ఇక అసలు ప్రశ్న. సిబిల్ స్కోరు, అంటే అప్పులు తీర్చే తీరును బట్టి సిబిల్ అనే సంస్థ ఇచ్చే మార్కు, 300 నుంచి 900 మధ్య ఉంటుంది కాబట్టి 771 మంచి స్కోరే. కానీ బ్యాంకు చూసేది ఆ అంకె ఒక్కటే కాదు. అది ఎన్నేళ్ల లావాదేవీల మీద, ఎంత లిమిట్ మీద వచ్చిందో కూడా చూస్తుంది. పది మార్కుల స్లిప్ టెస్టులో తొమ్మిది తెచ్చుకున్న పిల్లను తెలివైనదని ఒప్పుకుంటాం గానీ, దాన్ని చూసి పై క్లాసులో కూర్చోబెట్టం కదా. బ్యాంకుల వాళ్లు మీలాంటి రిపోర్టును ‘థిన్ ఫైల్’ అంటారు, అంటే చరిత్ర తక్కువున్న ఫైలు. 40,000 లిమిట్‌ను మీరు చక్కగా వాడగలరని తెలిసింది. నాలుగు లక్షలు చేతికిస్తే ఎలా ఉంటారో వాళ్లకు ఇంకా తెలియదు. పెద్ద కార్డులకు బ్యాంకులు లోలోపల ఒక కనీస లిమిట్ పెట్టుకుంటాయి. మీ పాత కార్డు లిమిట్‌కూ దానికీ మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. పైగా 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీల మీద బ్యాంకులకు రిస్క్ వెయిట్‌ను 125 నుంచి 150 శాతానికి పెంచింది. అంటే కార్డుల మీద ఇచ్చే ప్రతి రూపాయికీ బ్యాంకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి. మీకు ‘నో’ అన్నవాళ్లకు మీ మీద కోపమేమీ లేదు.

మీరు పంపిన రిపోర్టు మొత్తం చూశాను. నెలవారీ చెల్లింపుల గడులన్నిట్లో 000 ఉంది, అంటే ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు. అది చూసి సంతోషించాను. దాని పైన కరెంట్ బ్యాలెన్స్ 34,600 అని, క్రెడిట్ లిమిట్ 40,000 అని ఉంది. మీ సమస్యలో సగం అక్కడే ఉంది. మీరు బిల్లు మొత్తం కడుతున్నారు, నిజమే. కానీ బ్యాంకు సిబిల్‌కు వివరాలు పంపే రోజున బాకీ ఎంత ఉంటే అదే రిపోర్టుకెక్కుతుంది. తర్వాత మీరు కట్టేసిన సంగతి ఆ అంకెలో కనపడదు. చూసేవాళ్లకు మాత్రం ఈ అమ్మాయి ఎప్పుడూ లిమిట్‌లో 86 శాతం వాడేసి ఉంటుందని అనిపిస్తుంది. మామూలుగా 30 శాతం దాటకుండా ఉంటే మంచిదంటారు. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఈ వివరాలను నెలకు కనీసం రెండుసార్లు పంపాలి కాబట్టి, మీ తీరు మారితే రిపోర్టులోనూ త్వరగానే మారుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. బిల్లు వచ్చేదాకా ఆగకుండా, పెద్ద ఖర్చు పెట్టిన వారంలోనే యాప్‌లో ఆ డబ్బు కట్టేస్తూ ఉండటం ఒకటి. దీనికి పైసా ఖర్చు లేదు, అలవాటు కావాలి అంతే. రెండోది లిమిట్ పెంచుకోవడం, నేను ఎక్కువ నమ్మేది దీన్నే. మీ జీతం పడేది, కార్డు ఇచ్చిందీ ఒకే బ్యాంకు. మీ రాబడి, ఖర్చు ఆ బ్యాంకుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏడాది దాటింది కాబట్టి తాజా పే స్లిప్పులు చూపించి లిమిట్ పెంచమని అడగండి. మీ అనుమతి లేకుండా బ్యాంకు తనంతట తాను పెంచకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన, అందుకే యాప్‌లో అలాంటి ఆఫర్ ఏదైనా మీ ఒప్పుకోలు కోసం ఎదురు చూస్తోందేమో కూడా చూడండి.

వాళ్లు పెంచకపోతే, పక్కన కొంచెం డబ్బుంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోవచ్చు. లక్ష రూపాయల ఎఫ్‌డీ మీద 80,000 లిమిట్ వచ్చిందనుకోండి. మొత్తం లిమిట్ 1,20,000 అవుతుంది, అదే 34,600 ఖర్చు 29 శాతం లోపుకు వస్తుంది. ఎఫ్‌డీ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది. బిల్లు కట్టకపోతే బ్యాంకు ఆ డిపాజిట్ నుంచి పట్టుకుంటుంది, అందుకే ఇలాంటి కార్డు దొరకడం తేలిక. ఎమర్జెన్సీకని దాచుకున్న డబ్బును మాత్రం దీనికి కట్టేయకండి.

ఫోన్ సంగతి. మీకు ఫోన్ అవసరమైతే కొనుక్కోండి, హిస్టరీ కోసమైతే వద్దు. కార్డు మీద ఈఎంఐ పెడితే అది కొత్త లోన్‌గా లెక్కకు రాదు, ఉన్న 40,000 లిమిట్‌నే తినేస్తుంది. ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకుంటే విడిగా చిన్న అప్పుగా నమోదవుతుంది. ఇలాంటివి నాలుగైదు కనపడితే, ఈ మనిషికి ఎప్పుడూ డబ్బుకు కటకటేనని అనుకునే బ్యాంకులున్నాయి. ఇంట్లోవాళ్ల కార్డుకు అనుబంధంగా ఇచ్చే యాడ్-ఆన్ కార్డు తీసుకోమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. సాధారణంగా ఆ బాకీ అసలు కార్డుదారు పేరు మీదే ఉంటుంది కాబట్టి మీ హిస్టరీకి ఒరిగేదేమీ లేదు.

ఒకే నెలలో మూడు చోట్ల అప్లై చేయడం మాత్రం తొందరపాటే. ఒక్కో అప్లికేషన్‌కూ రిపోర్టులో ఒక ఎంక్వైరీ పడింది, అంటే మీరు అప్పు అడిగినట్టు నమోదైంది. పైన చెప్పిన ఎఫ్‌డీ కార్డు తప్ప, ఇకమీద ఆరు నెలలు ఎక్కడా అప్లై చేయకండి. ‘మీకు ఎలిజిబిలిటీ ఉంది, ఒక్క క్లిక్ చాలు’ అని మెసేజ్‌లు వస్తాయి, ఆ క్లిక్కే అప్లికేషన్ కావచ్చు. మీ రిపోర్టును మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు. ఇలాంటి రిపోర్టులు తయారుచేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ సంస్థలు నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాదంతా కన్నేసి ఉంచవచ్చు. మీది కాని అప్పు కనపడితే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.

కారణం చెప్పకుండా తిరస్కరించిన బ్యాంకుకు ఒక మెయిల్ పెట్టండి. దరఖాస్తును కాదన్నప్పుడు ముఖ్య కారణమేమిటో రాతపూర్వకంగా తెలియజేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. వాళ్లు చెప్పే కారణం లిమిట్ గురించో పనిచేసే కంపెనీ గురించో అయితే, మీరు ఎంత ఆగాలో తెలిసిపోతుంది.

ఆరు నెలల తర్వాత ముందు మీ బ్యాంకులోనే ఇంకా పై స్థాయి కార్డు అడగండి. ఆ తర్వాతే వేరే బ్యాంకులో ‘కార్డ్ టు కార్డ్’ పద్ధతిలో, అంటే ఉన్న కార్డును చూపించి కొత్తది అడిగే పద్ధతిలో, ప్రయత్నించండి. అప్పటికి మీ కార్డు వయసు 20 నెలలు, లిమిట్ లక్ష దాటి ఉంటే మాట తీరే వేరుగా ఉంటుంది. ఈలోగా ఒక లెక్క వేసుకోండి: ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతారు? 5,000 ఫీజున్న కార్డుకు జీఎస్టీ కలిపితే 5,900 అవుతుంది. విమానాశ్రయం లాంజ్‌లోకి వెళ్లాలన్నా ముందు కార్డు మీద కొంత ఖర్చు పెట్టి ఉండాలని చాలా కార్డులు షరతు పెడుతున్నాయి. రెండు ప్రయాణాలకైతే అది గిట్టదు.

పెండింగ్‌లో ఉన్న మూడోదాన్ని వెనక్కి తీసుకోనక్కర్లేదు, ఎంక్వైరీ ఎలాగూ పడిపోయింది. కార్డు వచ్చి, ఫీజు లేకుండా ఉంటే లిమిట్ తక్కువైనా ఉంచుకోండి. అడిగిన కార్డుకు బదులు ఫీజున్న వేరే కార్డు అంటగట్టబోతే యాక్టివేట్ చేయకండి, వద్దని రాసి పంపండి.