మా గేమ్‌ను కాపీ కొట్టి ఫ్రీగా పెట్టేశారు, మేం కూడా ధర తగ్గించాలా?

గుంటూరులో ముగ్గురు కలిసి గేమ్ చేసిన మీ ప్రశ్నలో ముఖ్యంగా మూడు విషయాలున్నాయి. కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 349 రూపాయలకు అమ్ముతున్న మీ పజిల్ గేమ్ లాంటిదే ప్లే స్టోర్‌లో ఫ్రీగా వచ్చింది, దాన్ని తీయించొచ్చా? తీయించలేకపోతే మీరూ ధర తగ్గించాలా? ఈలోగా గేమ్స్ అమ్మిపెట్టే పబ్లిషర్ ఒకడు అడ్వాన్స్ ఇస్తాను, హక్కులన్నీ రాసివ్వండి అంటున్నాడు, ఇచ్చేయొచ్చా? నేను విజయవాడ మొగల్రాజపురంలో చిన్న టీమ్‌తో గేమ్స్ చేస్తుంటాను. ఈ మూడూ మాకూ ఎదురయ్యాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ధర తగ్గించకండి. పబ్లిషర్‌కి ఇప్పుడే సంతకం పెట్టకండి. కాపీ మీద ఫిర్యాదు మాత్రం ఈ వారమే చేయండి. అయితే అది గేమ్‌ప్లే మీద కాదు. బొమ్మలు, పేరు, మ్యూజిక్, కోడ్ వీటి మీద.

ఎందుకంటే ఆట నియమాలు ఎవరి సొత్తూ కాదు. పక్కవాడు మిర్చి బజ్జీల బండి పెడితే ఆపలేం, మన బండి పేరు రాసుకుని పెడితే ఆపగలం. మన దేశంలోనే దీని మీద మంచి తీర్పు ఉంది. కోల్‌కతాకు చెందిన అగర్వాల్లా సోదరులు స్క్రాబ్యులస్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో పదాల ఆట పెట్టారు, ఫేస్‌బుక్‌లో అది తెగ ఆడారు. స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2008 సెప్టెంబరులో కోర్టు ఇచ్చిన ఉత్తర్వులో బోర్డు మీద, ఆట తీరు మీద కాపీరైట్ వాదన నిలబడలేదు. పేరు మాత్రం ట్రేడ్‌మార్క్‌కి దగ్గరగా ఉందని ఆపేశారు. వాళ్ళు లెక్సులస్ అని పేరు మార్చుకుని, కాస్త మార్పులతో ఆ ఆట నడిపించుకున్నారు. పేటెంట్ దారి కూడా ఇక్కడ మూసుకుపోయినట్టే. మన పేటెంట్ల చట్టం 3(ఎం) సెక్షన్ ప్రకారం ఆట ఆడే పద్ధతి అసలు ఆవిష్కరణే కాదు. జపాన్‌లో అలా కాదు. 2024లో నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి పాల్‌వరల్డ్ అనే గేమ్ చేసిన పాకెట్‌పెయిర్ కంపెనీ మీద టోక్యోలో వేసిన కేసు పేటెంట్ల మీదే. ఆ వార్తలు చదివి మనమూ అలా చేయొచ్చనుకునే కుర్రాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు, అందుకే చెప్తున్నాను.

అలాగని నియమాలు తీసుకుని మొత్తం రూపం కూడా ఎత్తేస్తే చట్టం ఊరుకోదు. అమెరికాలో టెట్రిస్ హక్కుదారులు జియో (Xio, మన ఫోన్ల జియో కాదు) అనే కంపెనీ మీద గెలిచిన 2012 తీర్పు చూడండి. నియమాలు వాడుకోవచ్చు గానీ ముక్కల ఆకారాలు, బోర్డు కొలతలు, కనిపించే తీరు అంతా అచ్చుగుద్దినట్టు దించేయడం కుదరదని కోర్టు చెప్పింది. మీరు పట్టుకోవాల్సింది ఈ కొసనే.

మా సంగతి చెప్తాను. మాది ఆటో స్టాండ్ గేమ్. బస్టాండ్‌లో దిగినవాళ్ళు ఎవరెక్కడికి వెళ్ళాలో చూసి ఆటోల్లో సర్దాలి, అంతే. కొన్నాళ్ళకు ప్లే స్టోర్‌లో మరో దేశం కంపెనీ పేరుతో అలాంటిదే ఫ్రీగా వచ్చింది, లెవెల్ లెవెల్‌కీ యాడ్స్. ఆటోల రంగు పసుపు నుంచి ఆకుపచ్చకు మార్చారు, మనుషులకు టోపీలు పెట్టారు. మా ఆర్టిస్ట్ కూర్చుని వాళ్ళ స్క్రీన్‌షాట్‌ని జూమ్ చేస్తూ పోయాడు. ఆటో వెనక నంబర్ ప్లేటు మీద, మామూలుగా చూస్తే గీతల్లా ఉండే చోట, ‘ఏపీ 16’ అని కనిపించింది. కృష్ణా జిల్లా పాత సిరీస్ అది. మా వాడు ఊరి మీద అభిమానంతో వేసుకున్న అక్షరాలు, ఎక్కడో విదేశంలో కూర్చున్నవాడికి అవేమిటో తెలియక అలాగే వదిలేశాడు. మా ఫిర్యాదుకు అదే ప్రాణం పోసింది. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి, నంబర్ ప్లేటు దగ్గర గీత గీసి, మా లేయర్ల ఫైలు, అది తయారైన తేదీ, స్టీమ్‌లో మా విడుదల తేదీ జతచేసి పంపాం. గేమ్ తీసేశారు.

తర్వాత అదే గేమ్ కొత్త బొమ్మలతో మళ్ళీ వచ్చింది. ఈసారి మేం ఫిర్యాదు చేయలేదు. బొమ్మలు వాళ్ళవే, పేరు వేరు, మిగిలింది గేమ్‌ప్లే ఒక్కటే. ఇలాంటి చోట కోపంతో ఫిర్యాదు పెడితే అవతలివాడు నాది కాపీ కాదంటూ కౌంటర్ నోటీసు ఇస్తాడు. అమెరికా చట్టం ప్రకారం 10 నుంచి 14 పనిదినాల్లో మీరు కోర్టులో కేసు వేసినట్టు చూపించకపోతే గేమ్ తిరిగి పెట్టేస్తారు. మన కాపీరైట్ చట్టంలోనూ 60వ సెక్షన్ ఉంది, ఆధారం లేకుండా బెదిరిస్తే అవతలివాడే మన మీద కేసు వేయొచ్చు. కాబట్టి మీ గేమ్‌లో మీ ‘ఏపీ 16’ ఏదో ముందు వెతకండి. చెట్టు ఆకులో ఒక వంపు, బటన్ నొక్కితే వచ్చే శబ్దం, తెలుగు పేరున్న ఏదో ఒక ఫైలు, ఏదో ఒకటి దొరకొచ్చు.

ఇక ధర. ఫ్రీతో పోటీపడి గెలిచే ధర అంటూ ఏదీ లేదు. 349ని 99 చేసినా ఫ్రీ కావాలనుకునేవాడు కొనడు, 349 పెట్టి కొన్నవాడికి మాత్రం మోసపోయినట్టు అనిపిస్తుంది. 2014 ఫిబ్రవరిలో త్రీస్ అనే గేమ్ ఐఫోన్‌లో 1.99 డాలర్లకు వచ్చింది. ఏడాదికి పైగా కష్టపడి చేశారు. నెల తిరిగేసరికి దానిలాంటివే 1024 అనే గేమ్, దాన్ని చూసి 2048 వచ్చేశాయి. ఇటలీ కుర్రాడు ఒకడు 2048ని వారాంతంలో చేసి, కోడ్‌తో సహా ఫ్రీగా పెట్టేశాడు. ఇవాళ ఎవరిని అడిగినా 2048 తెలుసు, త్రీస్ తెలియదు. అది తలచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అయినా త్రీస్ వాళ్ళు తమ గేమ్‌ని ఊరికే పంచేయలేదు. డబ్బులిచ్చి కొనే వెర్షన్‌ని అలాగే ఉంచి, తర్వాతి ఏడాది యాడ్స్‌తో నడిచే ఫ్రీ వెర్షన్‌ని విడిగా తెచ్చారు. మేమూ అదే దారి పట్టాం. కంప్యూటర్ గేమ్ ధర కదపలేదు, మొబైల్‌కి కొన్ని లెవెల్స్‌తో యాడ్స్ ఉన్న వెర్షన్ వేరుగా చేశాం. ప్లే స్టోర్‌లో మా గేమ్ లేకపోవడమే కాపీకి అసలు బలం. మా పేరుతో వెతికినవాళ్ళకు అదే కనిపించేది, ఇప్పుడు మాది కనిపిస్తోంది.

మీ 349లో మీకు మిగిలేదెంతో ఒకసారి లెక్క వేయండి. స్టీమ్‌లో మన దేశం ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, అది పోతే సుమారు 296. స్టీమ్ వాటా 30 శాతం తీస్తే 207. ఇక మీ పబ్లిషర్ సగం అడిగాడనుకుందాం, 103. సేల్‌లో 50 శాతం డిస్కౌంట్ పెట్టాడా, మీ చేతికి 52 రూపాయలు. మీరు ముగ్గురూ పంచుకుంటే తలా 17. అది కూడా పబ్లిషర్ తానిచ్చిన అడ్వాన్స్ మొత్తం తిరిగి రాబట్టుకున్నాక. అందుకే అగ్రిమెంట్‌లో మీ వాటా ఎంత శాతమో చూసుకుని ఊరుకోకండి. డిస్కౌంట్ ఎంత, ఎప్పుడు అన్నది ఎవరి చేతిలో ఉందో చూడండి. మాకు వచ్చిన డ్రాఫ్టులో ‘ధర నిర్ణయాధికారం పూర్తిగా పబ్లిషర్‌దే’ అని ఒక్క లైన్ ఉంది. విడుదలైన మొదటి ఏడాది 25 శాతం దాటి డిస్కౌంట్ పెట్టాలంటే మా రాతపూర్వక అనుమతి కావాలి అని మార్చమన్నాం. వాళ్ళు ఒప్పుకోలేదు, మేమూ సంతకం పెట్టలేదు.

స్టోర్ల వాటా గురించీ అడిగారు. 30 శాతం అన్యాయమన్న గొడవ పెద్దవాళ్ళ మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. 2020 ఆగస్టులో ఎపిక్ కంపెనీ ఫోర్ట్‌నైట్ గేమ్‌లో సొంత చెల్లింపు పెట్టి యాపిల్‌తో తలపడింది. ఇక్కడ కాంపిటీషన్ కమిషన్ 2022లో ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది, అప్పీల్‌లో 2025లో అది సుమారు 216 కోట్లకు తగ్గింది. మనలాంటి వాళ్ళకు ఈ గొడవల మధ్య దక్కిన మేలల్లా 2021లో ప్లే స్టోర్ ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా తన వాటాను 15 శాతానికి తగ్గించడం. దాని మీద టెన్షన్ పడి లాభం లేదు, అది మన చేతిలో ఉన్న విషయం కాదు.

మన చేతిలో ఉన్నది అగ్రిమెంట్. ‘హక్కులన్నీ’ అనే మాట చూడగానే ఆగండి. అమ్మే హక్కు ఇవ్వడం వేరు, గేమ్‌నే రాసిచ్చేయడం వేరు. లైసెన్స్ ఇస్తాం, హక్కులు మావే అనండి. ఎన్నేళ్ళకు, ఏ ప్లాట్‌ఫామ్‌లకు, సీక్వెల్ ఎవరిది, ఫలానా గడువులోగా విడుదల చేయకపోతే హక్కులు తిరిగొస్తాయా, ఇవన్నీ రాయించండి. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ కొంత కాపాడుతుంది. హక్కులు రాసిచ్చిన కాగితంలో కాలపరిమితి లేకపోతే అయిదేళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కానీ పబ్లిషర్ డ్రాఫ్టులో ‘ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా’ అని ముందే ఉంటుంది, అప్పుడు ఈ రక్షణ పనిచేయదు. ఇంకో మాట, సంతకం కాకముందే పూర్తి బిల్డ్, అంటే ఆడగలిగే మొత్తం గేమ్, పంపకండి. స్ప్రై ఫాక్స్ వాళ్ళ ట్రిపుల్ టౌన్ గేమ్‌ని 6వేవ్స్ కంపెనీ ఒకవైపు పబ్లిషింగ్ గురించి మాట్లాడుతూనే బయటపెట్టం అన్న ఒప్పందం మీద బీటా (విడుదలకు ముందు వెర్షన్) చూసి, యెటి టౌన్ అనే గేమ్ దించిందన్నది వాళ్ళ ఆరోపణ. 2012లో రాజీ కుదిరి యెటి టౌన్ హక్కులు స్ప్రై ఫాక్స్‌కే వచ్చాయి. వాళ్ళు కోర్టు దాకా వెళ్ళగలిగారు. మీకు నాలుగు లెవెల్స్ డెమో, ఒక వీడియో చాలు.

పేరు రిజిస్టర్ చేయించండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్ దరఖాస్తు ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు, గేమ్ సాఫ్ట్‌వేర్‌కి 9వ క్లాసు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ కోర్టులో తొలి సాక్ష్యంగా పనికొస్తుంది. కోడ్‌ని సాహిత్య రచన కిందే లెక్కేస్తారు, ఫీజు 500. కేసు దాకా వస్తే కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోట, వ్యాపారం చేసే చోటే వేసుకోవచ్చు, ఢిల్లీ పరుగెత్తక్కర్లేదు.

మీ ముగ్గురి మధ్య కాగితం ఏమైనా ఉందో లేదో మీరు రాయలేదు. నన్నడిగితే అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. మా టీమ్‌లో ఒకతను ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళే ముందు, గవర్నర్‌పేటలో మా లెక్కలు చూసే పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి, ఎవరి కోడ్, ఎవరి వాటా ఎంత, వెళ్ళినవాళ్ళకు ఎన్నేళ్ళు వాటా వస్తుంది అన్నీ రాయించారు. ఇప్పటికీ అతని వాటా అతనికి వెళ్తోంది, ఒక్క మాట తేడా రాలేదు. మీ మ్యూజిక్ చేసినతను జీతం మీద పనిచేసినవాడు కాదంటున్నారు కదా, అలాగైతే ఆ ట్యూన్‌కి తొలి హక్కుదారు అతనే. డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు రాదు, అతని సంతకంతో కాగితం కావాలి, అందులో ప్రపంచమంతటా అని ఉండాలి. అతని పేరు క్రెడిట్స్‌లో వేస్తామని కూడా రాయండి, అది అతనికి దక్కాల్సిన గౌరవం. మీలో ఎవరైనా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు ఈ గేమ్ చేసి ఉంటే, వాళ్ళ ఆఫర్ లెటర్ కూడా తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా చేసిందల్లా కంపెనీదే అనే షరతు చాలా వాటిలో ఉంటుంది.

ఇవి రాయడానికి హైదరాబాద్ వెళ్ళాల్సిన పనిలేదు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లాయర్లకు కొదవ లేదు. గేమ్స్ గురించి తెలియకపోయినా ఫర్వాలేదు, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు గానీ సినిమా పాటల హక్కుల కాగితాలు గానీ చూసినవారైతే చాలు. పబ్లిషర్ తొందరపెడితే ఇంకో రెండు వారాలు టైమ్ అడగండి. మీ గేమ్ నిజంగా కావాలనుకునేవాడు రెండు వారాలు ఆగుతాడు.