లేజర్లు లేకుండా కాంతిరసాయన చర్యలను అర్థం చేసుకోవచ్చా?

గుంటూరులో ఎమ్మెస్సీ చదువుతున్నానని, మీ ప్రయోగశాలలో లేజర్లు లేవని, కంప్యూటర్ లెక్కలతోనే కాంతిరసాయన చర్యలు అర్థమవుతాయా అని అడిగారు. తప్పకుండా అవుతాయి. నేనూ అరండల్‌పేటలో ఒక అద్దె గదిలో, పాత కంప్యూటర్ మీదే మొదలుపెట్టాను.

నన్ను ఇందులోకి లాగింది పసుపు మరక. దుగ్గిరాల పసుపు అంటిన అమ్మ చీర కొంగు ఎంత ఉతికినా వదిలేది కాదు. డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేస్తే మాత్రం సాయంత్రానికి వెలిసిపోయేది. ఆ రంగు కర్‌క్యుమిన్‌ది. అది 425 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది. ఆ తరంగదైర్ఘ్యాన్ని లెక్కగట్టి ఎంతో సంబరపడ్డాను. తీరా చూస్తే మరక ఎందుకు పోతుందో అందులో లేనే లేదు. కాంతిని పీల్చుకున్న అణువు ఎక్కువ శక్తి ఉన్న ఉత్తేజిత స్థితికి ఎక్కడం ఒక సంగతి, ఏ దారిన దిగుతుందన్నది మరో సంగతి. చర్య ఎటు పోవాలో తేలేది దిగేటప్పుడే.

ఆ దారిలో కీలకమైన చోటు కోనికల్ ఇంటర్‌సెక్షన్, అంటే పై స్థితి, కింది స్థితి శక్తులు ఒకటయ్యే చోటు. పైన ఒక గరాటు, కింద బోర్లించిన మరో గరాటు, రెండింటి మొనలూ తాకుతున్నట్టు ఊహించుకోండి. అక్కడ అణువు కాంతిని వెదజల్లకుండానే కింది స్థితిలోకి జారిపోతుంది. మన కంటిలో కాంతిని పట్టే రెటినల్ అణువు ఇలాగే సుమారు 200 ఫెమ్టోసెకన్లలో (ఫెమ్టోసెకను అంటే సెకనులో వంద కోట్ల వంతులో పది లక్షల వంతు) మెలి తిరుగుతుంది.

మీరు మాత్రం 47 పరమాణువుల కర్‌క్యుమిన్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. రెండే కార్బన్లున్న ఎథిలీన్ తీసుకుని ద్విబంధాన్ని పది డిగ్రీల చొప్పున మెలితిప్పి, ప్రతి కోణం దగ్గరా శక్తిని గీతగా గీయండి. ఎలక్ట్రాన్లన్నీ జతకట్టి ఉన్నాయని భావించే మామూలు డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి శక్తిని రాబట్టే పద్ధతి) లెక్కలో 90 డిగ్రీల దగ్గర గీత సూదిమొనలా పొడుచుకొస్తుంది. రెండు రోజులపాటు అది నిజమేననుకున్నాను. అక్కడ ద్విబంధపు π (పై), π* (పై-స్టార్) ఆర్బిటాళ్ల శక్తి సమానమవుతుంది కాబట్టి ఎలక్ట్రాన్లను ఆర్బిటాళ్లలో సర్దే ఒకే ఒక్క తీరు (విన్యాసం) సరిపోదు. రెండు ఎలక్ట్రాన్లు, రెండు ఆర్బిటాళ్లతో సీఏఎస్ఎస్‌సీఎఫ్ (ఎంచుకున్న ఆర్బిటాళ్లలో అన్ని విన్యాసాలనూ కలిపి చూసే పద్ధతి) చేస్తే ఆ మొన నున్నగా గుండ్రబడుతుంది. రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీసుకున్న రోజున నాకు అసలు విషయం బోధపడింది.

ఆర్బిటాళ్ల ఎంపికలో పొదుపు అవసరం. ఆరు ఎలక్ట్రాన్లు, ఆరు ఆర్బిటాళ్లకు సింగ్లెట్ (ఎలక్ట్రాన్ల స్పిన్ మొత్తం సున్నా అయ్యే) విన్యాసాలు 175. పన్నెండు, పన్నెండుకు 2,26,512. ప్రతి కోణం దగ్గరా ఆర్బిటాళ్ల బొమ్మలు తెరిచి కళ్లారా చూడండి. బ్యుటడైన్ అనే అణువు లెక్కలో నా π-ఆర్బిటాల్ స్థానంలోకి ఏకబంధానికి చెందిన ఒక సిగ్మా ఆర్బిటాల్ చొరబడింది. అంకెలు నమ్మదగినట్టే కనిపించాయి, వారం పని పారేయాల్సి వచ్చింది.

ఈ లెక్కలు చేసే ఓపెన్‌మోల్కాస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఎథిలీన్‌కు మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఆ రెండు గీతలూ వచ్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను.