రేడియోలు విప్పే అబ్బాయిని సీఎస్‌ఈలో వేయాలా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి తోట ఉంది. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. అరచేతిలో పట్టేంత ఆంప్లిఫయర్ ఒకటి తయారు చేసుకుని, ఊళ్లోవాళ్ల పాత రేడియోలన్నీ తెచ్చి విప్పుతుంటాడు. పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేస్తానంటాడు. బంధువులేమో ఇంటర్ ఎంపీసీ, తర్వాత సీఎస్‌ఈ ఏఐ అంటున్నారు. రేడియోల కాలం పోయింది కదా, చివరికి రిపేరు షాపులో మిగిలిపోతాడేమో. ఏది మంచిది?

జవాబు: రిజల్ట్స్ వచ్చాక తిరుపతి నుంచి, పలమనేరు నుంచి తల్లిదండ్రులు నన్ను అడిగేది ఇదే. కోర్సుల పేర్లు మారతాయి, భయం మారదు. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు. కొడుకు ఏం చేస్తున్నాడని నలుగురు అడిగితే ఏం చెప్పుకోవాలా అన్నదే మీ బాధ.

ఆ ఆంప్లిఫయర్‌తో వాడేం చేస్తున్నాడో ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? అలాంటి వాటిలో సాధారణంగా శబ్దాన్ని పెంచే ఎల్ఎం386 అనే చిన్న చిప్, 9 వోల్టుల బ్యాటరీ, చిన్న స్పీకర్ ఉంటాయి. రేడియోకి ఆనించే వైరు ఒకటి దాన్నుంచి బయటికి వస్తుంది. రేడియోలోని డీసీ కరెంటు లోపలికి రాకుండా ఆ వైరు మొదట్లో ఒక కెపాసిటర్ వేస్తారు. మూగబోయిన రేడియోలో ఆ వైరు కొనను వాల్యూమ్ కంట్రోల్‌కి ఆనిస్తే, స్టేషన్ వినపడాలి. వినపడితే అంతవరకూ సెట్టు బాగున్నట్టే, లోపం ఆ తర్వాతి ఆడియో భాగంలోనో స్పీకర్‌లోనో ఉంది. వినపడకపోతే అంతకుముందే ఎక్కడో ఉంది. ఒక్కసారి ఆనించడంతో సగం రేడియోని అనుమానంలోంచి తీసేశాడు. మిగిలిన సగాన్నీ అలాగే విడగొడతాడు. తోటలో డ్రిప్ నీళ్లు రాకపోతే మీరూ ప్రతి చెట్టూ తవ్వరు, మధ్య వాల్వు దగ్గర చూస్తారు కదా!

వైరు కొనకి జెర్మేనియం డయోడ్ ఎందుకు కలుపుతారో వాణ్ని అడగండి. మామూలు మీడియం వేవ్ రేడియోలో, సిగ్నల్‌లోంచి శబ్దాన్ని తీసే డిటెక్టర్ అనే భాగానికి సరిగ్గా ముందున్న దశల్లో సిగ్నల్ 455 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది, అది మన చెవికి అందదు. అందులోంచి మాటను, పాటను విడదీసేది ఆ డయోడే. ఈ సంగతి వాడు వివరించగలిగితే అది కాలక్షేపం కాదు, చదువే. బంధువులు ఏమన్నారో రాశారు గానీ, వాడు విప్పిన రేడియోల్లో ఎన్ని మళ్లీ పలికాయో మీరు రాయలేదు. నాకు అదే కష్టంగా అనిపించింది.

సీఎస్‌ఈ చెడ్డ కోర్సు కాదు. కానీ ఏఐ అని పేరు తగిలించిన ప్రతి బ్రాంచిలోనూ దాన్ని లోతుగా నేర్పేవాళ్లు ఉన్నారని నేను నమ్మను. ఏఐకి పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. వాటి మీద ఇష్టం లేకుండా పేరు చూసి చేరినవాళ్లు మూడో ఏడు వచ్చేసరికి ప్రాజెక్టులు కొనుక్కుంటున్నారు. నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లున్నారు. ఆరేళ్ల తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయో మీ బంధువులూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఇంట్లో రేడియో పెట్టె తగ్గింది నిజమే. రేడియో తరంగాలు ఎక్కడికీ పోలేదు. సెల్‌ఫోన్, వైఫై, పోలీసుల సెట్లు, రేణిగుంటలో దిగే విమానంతో మాట్లాడే టవర్, అన్నీ వాటిమీదే నడుస్తాయి. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో వాతావరణాన్ని పరిశోధించే 53 మెగాహెర్ట్‌జ్ రాడార్ ఉంది. దాని మైదానంలో 1024 యాగి యాంటెన్నాలున్నాయి, పాతకాలం ఇంటిమీది టీవీ యాంటెన్నాల్లాంటివి. మీవాడికి అక్కడ ఉద్యోగం వస్తుందని చెప్పడం లేదు. సిగ్నల్ ఎక్కడ ఆగిపోయిందో వెతికి పట్టుకునే మనిషి అలాంటి ప్రతిచోటా కావాలి, వాడు ఆ పని ఇప్పటికే మొదలుపెట్టాడు.

రెండు దారుల తేడా చెప్పాలంటే, ఇంటర్ తర్వాత బీటెక్ అయినా, డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరినా, పట్టేది ఆరేళ్లే. డిప్లొమా నుంచి వచ్చినవాళ్లు లెక్కల్లో కొంత తడబడతారు, అందుకని ఇంటర్ లెక్కల పుస్తకాలు కొనిచ్చి ఇప్పటినుంచే చేయించండి. పాలిటెక్నిక్‌లో చేరితే వాడికేమీ తలుపులు మూసుకుపోవు, ధైర్యంగా ఉండండి. 12 ఏళ్లు నిండినవాళ్లు హామ్ రేడియో, అంటే సరదా కోసం సొంత వైర్‌లెస్ సెట్టుతో మాట్లాడుకునే లైసెన్స్ పరీక్ష రాయొచ్చు, అదీ రాయించండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ట్యూబులున్న పాత కరెంటు రేడియోల్లో 250 వోల్టుల దాకా ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. కొన్నింటిలో చాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, మెయిన్స్ కరెంటు తగిలి ఉంటుంది. తెలిసిన మాస్టారు పక్కన నిలబడేదాకా వాడు బ్యాటరీ ట్రాన్సిస్టర్లు తప్ప మరేదీ విప్పకూడదు.