ఆచార్య పదవా, కంపెనీ కొలువా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ ముగించబోతున్నాడు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా రమ్మంటోంది. ఒక కృత్రిమ మేధ కంపెనీ అంతకు రెట్టింపు జీతం ఇస్తానంటోంది. వాడు విశ్వవిద్యాలయం వైపే మొగ్గుతున్నాడు. పైగా ఆదివారాలన్నీ అక్కడి తెలుగు పిల్లలకు చదువు చెప్పడానికీ, కొత్తగా వచ్చిన విద్యార్థులకు గదులు వెతికిపెట్టడానికీ పోతున్నాయి. రెండు ఉద్యోగాలనూ పోల్చి చెప్పండి. ఆ సేవ మానుకోమని కూడా రాయండి.

జవాబు: ఇటువంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. జీతంతో మొదలవుతాయి గాని, చివరికి వచ్చేసరికి పిల్లవాడు మన చేయి దాటిపోతున్నాడేమోనన్న దిగులే మిగులుతుంది. మీ ఉత్తరంలోనూ నాకు అదే వినిపించింది. పరాయి దేశంలో ఉండి, సెలవు రోజున పదిమంది పిల్లలను కూర్చోబెట్టుకొని గుణింతాలు దిద్దిస్తున్నవాడు మీకు దూరమవుతున్నవాడు కాడు. అతడి ఆదివారాలను మీరు డాలర్లలోకి మార్చి లెక్క వేశారు. చదువుతుంటే నాకు బాధ కలిగింది. ఆ పని మానుకోమని నేను రాయను, మీరూ చెప్పవద్దు.

ఇక కంపెనీ కొలువు. జీతం రెట్టింపన్న మాట నిజమే, దానిని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే హెచ్-1బీ, అంటే విదేశీ నిపుణులకు అమెరికా ఇచ్చే పని వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికో, వేరే వీసాకు మారడానికో సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులే. 2022 చివరలోనూ, 2023లోనూ పెద్ద టెక్ సంస్థలు వేలమందిని తొలగించినప్పుడు ఎన్నో కుటుంబాలు ఆ రోజులను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాయి. వీసా కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి ఉంది. కంపెనీలో పరిశోధన ఏ దిక్కుకు సాగాలో, దానిలో ఎంత భాగం ప్రచురించాలో నిర్ణయించేది పరిశోధకుడు కాదు. నాలుగేళ్లు ప్రచురణలు లేకుండా గడిచాక విశ్వవిద్యాలయం తలుపు తట్టడం చాలా కష్టం, ఆచార్యుడు కంపెనీకి వెళ్లడం మాత్రం అంత కష్టం కాదు. ఇప్పుడు అందరూ కృత్రిమ మేధ వైపు పరుగెత్తుతున్నారన్నది మీ అబ్బాయి పరుగెత్తడానికి కారణం కానక్కరలేదు.

విశ్వవిద్యాలయాలకు ఏటా 85,000 హెచ్-1బీ వీసాల పరిమితీ, దరఖాస్తులు ఎక్కువైనప్పుడు ఎవరికి వీసా ఇవ్వాలో తేల్చే లాటరీ, రెండూ వర్తించవు. అంతమాత్రాన అక్కడ అంతా నిశ్చింత అని చెప్పను. టెన్యూర్, అంటే ఉద్యోగాన్ని శాశ్వతం చేసే నిర్ణయం సాధారణంగా ఆరో ఏట జరుగుతుంది, అది రాకపోతే మరో ఏడాదిలో వేరే చోటు చూసుకోవలసిందే. పరిశోధన, బోధన, సేవ అని మూడింటినీ చూస్తారు గాని, అక్కడ సేవ అంటే ప్రధానంగా కమిటీలు, పత్రాల సమీక్ష, శాఖాపరమైన పనులు. ఆదివారం తెలుగు తరగతికి ఆ లెక్కలో దాదాపు చోటు ఉండదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1971 నుంచి తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావు గారికి ఉద్యోగమూ భాషాసేవా ఒకటే అయ్యాయి. మీ అబ్బాయికి అవి రెండు వేర్వేరు పనులు, వాటికి వేర్వేరుగానే సమయం కేటాయించుకోవాలి.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. పల్లెటూరి పిల్లల కోసం 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన, అందరూ ట్రిపుల్ ఐటీలని పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన తొలి ఛాన్సలర్. కొలువుకూ ఆ బాధ్యతకూ మధ్య దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయి. ఈ లెక్కను మీ అబ్బాయికి కూడా చూపించండి. టెన్యూర్ వచ్చేదాకా ఆదివారం తరగతి ఒక్కటి చాలు. సంఘాల పదవులూ, మహాసభల ఏర్పాట్లూ వారాలకు వారాలు మింగేస్తాయి, వాటికి ఇప్పుడు మర్యాదగా కాదనడం నేర్చుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్నంతకాలం ఆ తరగతికి గౌరవ వేతనం వంటిదేదీ పుచ్చుకోకూడదని కూడా చెప్పండి.

పోల్చమన్నారు గనుక నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతున్నాను: అతడి మనసు పరిశోధన మీదే ఉంటే విశ్వవిద్యాలయమే మేలు. అయితే సంతకానికి ముందు గ్రీన్ కార్డు దరఖాస్తు ఎప్పుడు వేస్తారో, ఖర్చు ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా అడగాలి. గ్రీన్ కార్డు కోసం బోధన ఉద్యోగాలకు ఉన్న ప్రత్యేక పద్ధతిని వాడుకోవాలంటే, ఎంపిక జరిగిన 18 నెలలలోగా విశ్వవిద్యాలయం కార్మిక శాఖకు దరఖాస్తు చేయాలి. చేరిన తొలి ఏడాది పాఠాల హడావుడిలో ఈ గడువు జారిపోకుండా మొదటి సెమిస్టర్‌లోనే అంతర్జాతీయ సిబ్బంది వ్యవహారాలు చూసే కార్యాలయానికి వెళ్లి మాట్లాడమనండి.