‘అసలు ఊరేది?’ అని అడిగే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఎదురింటి అమ్మాయి పై చదువుకి కెనడాలోని హాలిఫాక్స్ వస్తోంది. నేను ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్నానని ఫోన్ చేసింది. “మావయ్యా, నాకు దొరికిన రూమ్ వీధిలో నల్లవాళ్ళు ఎక్కువట. సీనియర్లు వద్దంటున్నారు, అమ్మకి ఒకటే టెన్షన్. మనవాళ్ళున్న చోటే చూసుకోనా?”

ఆ సీనియర్లలో ఆ వీధిలో ఉన్నవాళ్ళు ఎంతమంది తల్లీ, అని అడిగాను. ఒక్కరూ లేరు.

అద్దెలో హీటింగ్ కలిసి ఉందా, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి, ఇవి కనుక్కో. పక్కింటివాళ్ళ రంగు కనుక్కోవద్దు.

నేను చేసిన తప్పు చెబుతాను. వచ్చిన కొత్తలో ఆఫీసులో పక్క సీటాయన్ని “మీది ఆఫ్రికాలో ఏ దేశం?” అని అడిగాను. “ఇక్కడే” అన్నాడు. ఊరుకోకుండా “అసలు ఊరేది?” అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. తర్వాత తెలిసింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన 1783లో సుమారు 3,000 మంది నల్లజాతివారు ఓడల మీద హాలిఫాక్స్ ఉన్న ఈ నోవా స్కోషియాకి వచ్చారు. ఆయన వాళ్ళ సంతతి. కెనడా ఒక దేశంగా ఏర్పడిందే 1867లో!

ఆ ప్రశ్న ఎంత గుచ్చుతుందో నాకు తెలియాల్సింది. భువనేశ్వర్‌లో చదివేటప్పుడు తెలుగువాణ్ణని నన్ను “తెలెంగా” అని పిలిచి, “మీవాళ్ళు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?” అనేవారు. మేం ఎక్కణ్ణుంచీ రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మా ఊరికీ, ఇప్పుడు ఆంధ్రలో ఉన్న పాతపట్నానికీ మధ్య గీత పడింది. మా ముత్తాత ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే తన ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు.

మనమేం తక్కువ కాదు. ఒడియావాళ్ళకి బద్ధకమనీ, కొండల్లో ఉండే సవర గిరిజనులు మొరటువాళ్ళనీ మన వీధిలోనే వింటూ పెరిగాను. ఒడియావాళ్ళ రజ పండక్కి పక్కింటి మౌసి, అంటే పిన్ని, పంపిన పొడపిఠా అనే పిండివంట తింటూనే అనేవాళ్ళం ఆ మాటలు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అదే ఊళ్ళో రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల గురించి వీళ్ళనీ వాళ్ళనీ అడగలేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు. 1931లో సవర భాష మీద పెద్ద పుస్తకమే వేశారు.

నువ్వు అంత చెయ్యక్కర్లేదు. ఎదుటివాళ్ళ పేరు ఎలా పలకాలో వాళ్ళనే అడిగి, అలాగే పలుకు. ఎక్కడివాళ్ళో వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా ఆగు. “మాది ఒడిశా” అని నువ్వంటే “మరి తెలుగెలా వచ్చు?” అని అడిగేది ఇక్కడి మన తెలుగువాళ్ళే. విసుక్కోకుండా చెప్పు.

శనివారం చీకటి పడ్డాక ఆ బస్‌స్టాప్‌లో దిగి, ఇంటిదాకా నడిచి చూస్తాను. దారంతా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తాను. ఈలోగా ఆ ఇంటావిడ పేరేమిటో కనుక్కుని, నువ్వే ఆవిడతో ఒకసారి మాట్లాడమ్మా.