తాతగారి అంబాసిడర్‌కు ఇసుజు ఇంజన్ వేయించవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా తాతగారు 1974లో కొన్న అంబాసిడర్ ఆరేళ్లుగా కొబ్బరికాయల షెడ్డులోనే ఉంది. ఇంజన్ పట్టేసింది. తాతగారు నాలుగేళ్ల కిందట పోయారు, నానమ్మ అంతకుముందే పోయింది. నాన్నగారు, ఇద్దరు మేనత్తలు ఉన్నారు. తర్వాతి రోజుల్లో వచ్చిన అంబాసిడర్‌లోని 1800 ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్సు వేసి, స్టీరింగు పక్కనున్న గేరు తీసేసి కిందకు మారుస్తానని మా మెకానిక్ అంటున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ చూశాడట. సి-బుక్కు సంగతి అడిగితే, పాత నంబరే కొత్త ఇంజన్ మీద కొట్టేద్దాం, కాదంటే యానాం రిజిస్ట్రేషన్ చేయించేద్దాం అంటున్నాడు. కారులో వారానికి రెండుసార్లు భీమవరం వెళ్లిరావాలని నా కోరిక. ఎల్లుండి అడ్వాన్సు ఇస్తున్నాను. చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. ఎల్లుండి అడ్వాన్సు ఇవ్వకండి.

ముందుగా నంబరు కొట్టే సంగతి మాట్లాడదాం. మన వైపు దీన్ని చాలా మామూలు విషయంలా చెప్పుకుంటారు, అందుకే నాకు భయం. ఇంజన్ మీదున్న అసలు నంబరు చెరిపేసి మీ సి-బుక్కులోని నంబరు పంచ్ చేయడం అంటే ప్రభుత్వ రికార్డును మోసం చేయడమే. అది క్రిమినల్ కేసు. పంచ్ కొట్టిన మెకానిక్ ఒక్కడే కాదు, కొట్టించిన మీరూ ముద్దాయే అవుతారు. పైగా ఆ ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. రేపు అది దొంగ బండిలోదని తేలితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద దొంగ సొత్తు తీసుకున్నారని కేసు పెడతారు. మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. తెలియక కొన్నవాడికి ఆ సెక్షన్‌లో రక్షణ ఉంది. తెలిసిగానీ, తెలిసేందుకు కారణం ఉండిగానీ తీసుకుంటేనే అది నేరం. కానీ నంబరు చెరిపించిన మనిషి నాకేమీ తెలియదని చెబితే ఏ కోర్టు నమ్ముతుంది? మీకున్న ఒక్క రక్షణనూ మీ చేత్తోనే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ఎప్పుడైనా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసినప్పుడు నంబర్లు తేడాగా ఉన్నాయని తేలిందనుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 55(5) ప్రకారం మీకు నోటీసు ఇచ్చి, మీ మాట విని, రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. తాతగారి చేతి గుర్తుగా దాచుకున్న కారు ఆ రోజుతో పాత ఇనుమే.

యానాం సలహా విషయానికి వస్తే, యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి పన్నుల లెక్క వేరుగా ఉండవచ్చు. మోటారు వాహనాల చట్టం మాత్రం కేంద్ర చట్టం. ఇంజన్ మార్చడం గురించి రాజోలులో ఏ సెక్షనో, యానాంలోనూ అదే సెక్షను. మీరు అక్కడ నివాసం లేకుండా అక్కడి చిరునామా పెడితే దానికి ఇంకో తప్పు తోడవుతుంది. ఇక ఆ మాట ఎత్తవద్దని మెకానిక్‌కు చెప్పేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. నంబరు దాచకుండా, బిల్లు పెట్టి, నిజాయితీగా ఇసుజు ఇంజన్ వేయిస్తే చెల్లుతుందా? చట్టంలోని 52వ సెక్షన్ ఏమంటుందంటే, సి-బుక్కులో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మీ కారు కంపెనీ నుంచి వచ్చింది 1489 సీసీ ఇంజన్‌తో. ఇసుజుది 1817 సీసీ. ఆ ఇంజన్‌ను కూడా హిందుస్థాన్ మోటార్స్ వారే 1990ల తొలి ఏళ్లలో అంబాసిడర్‌లో పెట్టి అమ్మారు కదా, అది కూడా అంబాసిడరే కదా అని మీరు అడగవచ్చు. కోర్టులో నిలబడి ఈ వాదన నేనైనా చేస్తాను. గెలుస్తానని మాత్రం మీకు మాట ఇవ్వలేను. ఎందుకంటే చట్టం చూసేది ఆ పేరుతో వచ్చిన కార్లన్నింటినీ కాదు, మీ షెడ్డులో ఉన్న ఆ ఒక్క కారు ఏ వివరాలతో తయారై వచ్చిందన్న సంగతిని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. తయారీదారు వివరాలకు తేడా వచ్చే మార్పులు కుదరవంది. రంగు మార్చడం, చిన్నచిన్న బిగింపుల వంటివి ఆ కోవలోకి రావంది.

సెక్షన్‌లో మినహాయింపులు లేకపోలేదు. పెట్రోలు బండిని గ్యాసుకో బ్యాటరీకో మార్చుకునేందుకు ఆమోదం పొందిన కిట్లు వేయించుకోవచ్చు. వికలాంగులు తమకు అనువుగా బండి మార్పించుకోవచ్చు. మీ పని ఈ రెంటిలో దేనిలోకీ రాదు. ఆమోదం లేని మార్పుకు 2019 సవరణ తర్వాత 182ఏ(4) సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. ఇంజన్ ఒకటి, గేరు కింద పెట్టడానికి ఫ్లోరు కోయడం ఇంకొకటి అని లెక్క వేయవచ్చు. గేరుబాక్సుకు సి-బుక్కులో నంబరు ఉండదు కాబట్టి ఎవరూ పట్టుకోరని కొందరు చెబుతుంటారు. బండి నిర్మాణంలో మార్పు వచ్చి దాని మూల లక్షణం మారితే అది మార్పే అని సెక్షన్ కింద వివరణలోనే రాసి ఉంది. నంబరు ఉందా లేదా అన్నది కాదు అక్కడి ప్రశ్న.

ఈ నిబంధనను ఆఫీసుల వేధింపు అనుకోవద్దు. మీ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చాసిస్, స్ప్రింగులు, బ్రేకులు అన్నీ ఆ పాత ఇంజన్ బలానికి సరిపడేలా కట్టినవి. మన కాలువ గట్ల రోడ్లు మీకు కొత్త కాదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, ఎదురుగా కొబ్బరికాయల లోడు వస్తుంటే ఒక చక్రం మట్టిలోకి దించాల్సిందే. అక్కడ బండి ఎంత వేగంగా పోతుందన్నదానికన్నా ఎంత త్వరగా ఆగుతుందన్నదే ప్రాణం.

ప్రమాదం సంగతి ఎత్తాను కాబట్టి బీమా గురించి కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక జీపు యజమాని వచ్చారు. వేరే బండి ఇంజన్ వేయించి, ఆ సంగతి చెప్పకుండా ప్రతి ఏటా పాలసీ కట్టుకుంటూ వచ్చారు. ఒక రాత్రి ఎదురుగా వస్తున్న మోటారు సైకిల్‌ను గుద్దారు. సర్వేయర్ వచ్చి ముందు చూసింది ఇంజన్ నంబరు. జీపు రిపేరు క్లెయిము అక్కడే తిరస్కరించారు. గాయపడిన కుర్రాడి పరిహారం కేసులో, ముఖ్యమైన సంగతి దాచి తీసుకున్న పాలసీ చెల్లదని బీమా కంపెనీ వాదించింది. అలా వాదించే హక్కు చట్టమే వారికి ఇచ్చింది. ఇలాంటి కేసుల్లో ట్రిబ్యునళ్లు చాలాసార్లు, ముందు బాధితుడికి కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోండి అని కంపెనీకి చెబుతాయి. ఇక్కడా అదే జరిగింది. ఆ వసూలు ఆయన కొబ్బరి తోట మీదికి వచ్చింది. ఇంజన్‌కు పెట్టిన ఖర్చు దాని ముందు ఏపాటిది?

మీ ప్రశ్నలో మీరు అడగని విషయం ఒకటి ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. ఈ కారు మీది కాదు. సి-బుక్కు ఇంకా తాతగారి పేరు మీదే ఉన్నట్టుంది. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, వీలునామా లేకపోతే ఆ కారు మీ నాన్నగారికి, ఇద్దరు మేనత్తలకు సమానంగా వస్తుంది. నాన్నగారు ఉండగా మనవడికి అందులో వాటా లేదు. మేనత్తలు ఏమీ అనరని మీరు అనుకోవచ్చు, నిజంగా అనకపోవచ్చు కూడా. అయినా పుట్టింటి కారును తమను అడగకుండా కోయించేశారంటే మనసు కష్టపడుతుంది, హక్కు కూడా వారిదే. యజమాని పోతే ముప్పై రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు పెట్టుకోవాలి. మీకు నాలుగేళ్లు దాటింది. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు, ఆలస్య రుసుము కట్టాలంతే. తాతగారి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకార అఫిడవిట్లు కావాలి. పాత ప్రైవేటు కార్లకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది కదా, ఆరేళ్లు కదలని బండి కాబట్టి ఆ గడువు కూడా దాటిందేమో సి-బుక్కు తీసి చూడండి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కారు నడపకూడదనే మాట విని కంగారుపడకండి. అది ఢిల్లీ చుట్టుపక్కల వచ్చిన ఆదేశాల సంగతి.

మరి కారును ఏం చేయాలి? నన్నడిగితే పాత ఇంజన్‌నే బాగుచేయించండి. పట్టేసిన ఇంజన్ అంటే చచ్చిపోయిన ఇంజన్ కాదు. బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్చి ఓవర్‌హాలింగ్ చేస్తే చాలావరకు లేస్తుంది. నంబరు అదే ఉంటుంది కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. బ్లాకు పగిలిపోయి ఉంటే అదే రకం 1489 సీసీ ఇంజన్ వెతకండి. బిల్లు తీసుకోండి, ఆ ఇంజన్ ఏ బండిలోదో ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం అడగండి. కాగితం లేని ఇంజన్ ఎంత చవకైనా వద్దు. బిగించే ముందే ఆర్టీఏ కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి అడిగి, బిగించాక పద్నాలుగు రోజుల్లో సి-బుక్కులో కొత్త నంబరు ఎక్కించుకోండి. అనుమతి ఇవ్వమంటే నోటి మాటతో తిరిగి రావద్దు. ఆర్డరు కాగితం మీద తీసుకుంటే 57వ సెక్షన్ కింద ముప్పై రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు.

పాత ఇంజన్‌నే ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. మీ కారుకు ఆ వయసు వచ్చేసింది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తాతగారి పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. చాసిస్‌లోగానీ, బాడీలోగానీ, ఇంజన్‌లోగానీ పెద్ద మార్పు చేస్తే మాత్రం ఆ అర్హత పోతుంది. ఒక్కసారి ఇసుజు ఎక్కిందంటే ఇక అంతే. అయితే వింటేజ్‌గా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. వారానికి రెండుసార్లు భీమవరం వెళ్లాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకోండి, వింటేజ్ ఆలోచన తర్వాత చేయవచ్చు.

ఐదు గేర్ల ఇసుజు మీదే మనసుంటే, కంపెనీ నుంచే ఆ ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్‌ను సరైన సి-బుక్కుతో కొనుక్కోండి. ఆటోనగర్ ఇంజన్‌కు, ఫ్లోరు కోతకు, తర్వాత తిరిగే తిరుగుడుకు అయ్యే డబ్బుతో కలిపి చూస్తే అది పెద్ద తేడా కాకపోవచ్చు.

ఈ సంక్రాంతికి మేనత్తలు ఇంటికి వస్తారు కదా. షెడ్డు తలుపు తీసి కారు వారికి చూపించి, మీ కోరిక మీ నోటితోనే చెప్పండి. ఒప్పుకుంటే కారు ఎవరి పేరు మీదికి మార్చాలో నాన్నగారితో కలిసి తేల్చుకుని, వారు ఊళ్లో ఉండగానే నోటరీ దగ్గర అఫిడవిట్ల మీద సంతకాలు చేయించండి. వారి ఆధార్ జిరాక్సులు, తాతగారి మరణ ధ్రువపత్రం ఒక కవర్లో పెట్టుకుని కనుమ వెళ్లాక ఆర్టీఏ కార్యాలయానికి బయలుదేరండి. మెకానిక్‌కు ఆ తర్వాత ఫోన్ చేయండి.